గడ్డి కుక్కిన గంట

జర్మనీ వచ్చి మూడేళ్లయినా మా రూమ్మేట్‌కీ నాకూ తెలిసిన ఇక్కడి చరిత్ర హిట్లర్, బెర్లిన్ గోడ, అంతే. అందుకని మొన్న సెప్టెంబర్‌లో ఓ శని, ఆదివారాలు ఖాళీ దొరికితే హానోవర్ నుంచి రైలెక్కి ఓస్నాబ్రూక్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో కాల్క్రీజె అనే ఊరికి వెళ్లాం. క్రీ.శ. 9లో రోమన్ల మూడు లీజియన్లు (సైనిక దళాలు), అంటే పదిహేను నుంచి ఇరవై వేల మంది, జర్మన్ తెగల దాడిలో తుడిచిపెట్టుకుపోయింది ఇక్కడేనని చాలామంది పురావస్తు పరిశోధకుల మాట. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు, ఆ గొడవ ఇంకా తేలలేదు.

దిగగానే వాన. గొడుగు నేను తెచ్చాననుకుని వాడు, వాడు తెచ్చాడనుకుని నేను.

తుప్పు రంగు ఇనుప రేకులతో కట్టిన పొడవాటి టవర్ ఎక్కి చూస్తే ఆ రోజు రోమన్లకు ఏమైందో సగం అర్థమైపోతుంది. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క ఒకప్పుడు పెద్ద బురదనేల, మధ్యలో సన్నటి దారి. బారులు తీరి యుద్ధం చేయడం అలవాటైన సైన్యం ఇలాంటి చోట తోకలా సాగిపోతే ఇక చేసేదేముంది! పార్కులో రోమన్లు నడిచిన దారి అని నేలమీద ఇనుప పలకలు పరిచారు. వానకి జారుతుంటే ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నడిచాం.

వాళ్లను నమ్మించి ఇటు నడిపించి, దాడి చేయించింది అర్మినియస్. చెరుస్కీ అనే జర్మన్ తెగ నాయకుడి కొడుకు, రోమన్ సైన్యంలో పనిచేసి అక్కడి పౌరసత్వం, హోదా కూడా సంపాదించినవాడు, ఆ సైన్యాన్ని నడిపిన రోమన్ గవర్నర్ వారుస్‌తో కలిసి భోంచేసేవాడు. అదే తెగకు చెందిన సెగెస్టెస్ అనే పెద్దమనిషి "వీడ్ని నమ్మొద్దు" అని ముందే చెప్పినా వారుస్ చెవిన పెట్టలేదు. చివరికి ఓడిపోయి తన కత్తి మీదే పడి చచ్చిపోయాడు. అగస్టస్ చక్రవర్తి "వారుస్, నా లీజియన్లు నాకు తిరిగివ్వు" అని తల తలుపుకేసి కొట్టుకున్నాడట. 17, 18, 19 అనే ఆ నెంబర్లను రోమన్లు మళ్లీ ఏ లీజియన్‌కీ పెట్టలేదు.

ఈ చోటు బయటపడిన కథ కూడా బాగుంటుంది. 1987లో టోనీ క్లన్ అనే బ్రిటిష్ ఆర్మీ ఆఫీసర్ మెటల్ డిటెక్టర్ పట్టుకుని పొలాల్లో తిరుగుతుంటే వెండి నాణేలు తగిలాయి, తర్వాత సీసంతో చేసిన వడిసెల గుళ్లు. నాణేలు ఎవరైనా పారేసుకోవచ్చు, వడిసెల గుళ్లు సైన్యానివే.

మ్యూజియంలో అందరూ ఇనుప ముఖం చుట్టూ మూగారు. రోమన్ రౌతు పెట్టుకున్న మాస్కు, మీద తాపడం చేసిన వెండి రేకును గెలిచినవాళ్లు పీక్కుపోయారు, కళ్ల చోట రెండు చిల్లులు. మా వాడు దాని ముందు సెల్ఫీ తీసుకుంటుంటే నేను ఇక్కడి తవ్వకాల్లో బయటపడ్డ కంచర గాడిద దగ్గర ఆగిపోయాను. దాని మెడలో కంచు గంట, గంట లోపల గడ్డి. మోగితే శత్రువుకి వినిపిస్తుందని ఎవడో వణుకుతున్న చేతులతో కుక్కి ఉంటాడు. మా తాతయ్య ఎద్దుల మెడలో గంటలు దూరం నుంచే వినబడాలని ఏరికోరి కొనేవాడు. ఇక్కడ వినబడకూడదని. వేల మంది చావు అంకెగానే ఉండిపోయింది గానీ ఆ గడ్డి మాత్రం గొంతుకి అడ్డం పడింది.

ఆదివారం డెట్మోల్డ్ వెళ్లాం, హెర్మన్ విగ్రహం చూడ్డానికి. అర్మినియస్‌కి చాలా శతాబ్దాల తర్వాత తగిలించిన జర్మన్ పేరే హెర్మన్. ఈ కొండలకు టాయ్టోబుర్గ్ అడవి అనే పేరూ, ఆ యుద్ధం జరిగిన చోటుకి రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిన పేరును తీసి తర్వాత పెట్టిందే, అంతకుముందు ఓస్నింగ్ అనేవారు. కాల్క్రీజెకీ దీనికీ దాదాపు 70 కిలోమీటర్లు! పీఠంతో కలిపి 53 మీటర్ల ఎత్తు, చేతిలో 7 మీటర్ల కత్తి, దాని మీద జర్మన్ల ఐక్యతే నా బలం అని రాసుంది. జర్మనీ ఒక దేశమయ్యాక, 1875లో, కైజర్ (చక్రవర్తి) విల్హెల్మ్ ఎదుట ఆవిష్కరించారు. చూపు పడమటికి, అంటే రోమ్ వైపు కాదు, అప్పుడే ఓడించిన ఫ్రాన్స్ వైపు. అసలు అర్మినియస్‌ని చంపింది రోమన్లు కాదు, క్రీ.శ. 21లో సొంత చుట్టాలే.

నాకు విగ్రహం కంటే దాన్ని చేసిన ఎర్న్స్ట్ ఫాన్ బాండెల్ ఉన్న చిన్న గుడిసె నచ్చింది. 1838లో మొదలుపెట్టాడు, మధ్యలో డబ్బుల్లేక ఏళ్ల తరబడి ఆగింది, పూర్తయిన మరుసటేడే పోయాడు.

కింద షాపులో హెర్మన్ మ్యాగ్నెట్లు, హెర్మన్ కప్పులు. "గాడిద గంట ఉందేమో అడగరా" అన్నాడు మా వాడు ఎగతాళిగా. అడిగాను. కౌంటర్ దగ్గరున్నావిడ అర్థంకాక హెర్మన్ కీచైన్ చేతికిచ్చింది.