సీసీఎన్ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికేషన్ పరీక్ష) రెండో అటెంప్ట్‌లో కొట్టాను, మొదటిసారి ఎక్కడ పోయిందో రాస్తున్నా

నిన్న సాయంత్రం రిజల్ట్ వచ్చింది, పాస్. స్క్రీన్ మీద ఆ మాట చూశాక కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయా. సిలబస్, ప్యాటర్న్ మీ అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

మొదటి అటెంప్ట్ నాటికి సబ్‌నెట్టింగే (నెట్‌వర్క్‌ని చిన్న ముక్కలుగా విడగొట్టే లెక్క) నా బలం అనుకున్నా. /26 మాస్క్ (అడ్రస్‌లో ఎన్ని బిట్లు నెట్‌వర్క్‌వో చెప్పే అంకె) అంటే 62 హోస్ట్‌లు (పెట్టగలిగే మెషీన్లు), /27 అంటే 30, /30 అంటే 2, నిద్రలో లేపి అడిగినా చెప్పేంత బట్టీ. పరీక్షలో వచ్చిన ప్రశ్నలు బయటపెట్టకూడదు కాబట్టి అదే తరహాలో నేను అల్లిన ఉదాహరణ చెప్తా. ఒక పీసీకి 192.168.10.70/26, గేట్‌వే (బయటికి దారి ఇచ్చే రౌటర్) 192.168.10.1. పక్కనున్న 192.168.10.90 కి పింగ్ (ఉన్నావా అని పలకరించే ప్యాకెట్) పోతోంది, బయటికి మాత్రం ఏదీ పోవట్లేదు, ఎందుకు? /26 అంటే 64 అడ్రస్‌ల బ్లాక్‌లు, 70 ఉండేది 64 నుంచి 127 బ్లాక్‌లో, 1 ఉండేది 0 నుంచి 63 బ్లాక్‌లో, అంటే గేట్‌వేనే వేరే నెట్‌వర్క్‌లో ఉంది. ఈ లెక్క నాకు క్షణం పని, కానీ అక్కడ ఆ లెక్క వెయ్యాలనే తట్టలేదు, నాట్ (అడ్రస్ మార్పిడి) చూశా, ఏసీఎల్ (ప్యాకెట్లని ఆపే, వదిలే నియమాలు) చూశా, రౌటింగ్ చూశా, వెనక్కి వెళ్ళే ఆప్షన్ లేని పరీక్షలో అలాంటి వాటి దగ్గరే టైమంతా పోయింది. ఫెయిల్.

వారం రోజులు పుస్తకం ముట్టుకోలేదు. తర్వాత ల్యాబ్‌లో రెండు లైనక్స్ మెషీన్లు పెట్టి ఒకదానికి 10.1.1.20/24, రెండోదానికి కావాలనే తప్పు మాస్క్‌తో 10.1.1.200/25 ఇచ్చా, రెండింటికీ గేట్‌వేగా రౌటర్ 10.1.1.254/24. మొదటిదాన్నుంచి రెండోదానికి పింగ్ చేస్తే పనిచేసింది! కానీ రిప్లైలో టీటీఎల్ (రౌటర్ దాటిన ప్రతిసారీ ఒకటి తగ్గే అంకె) 64 రావాలి కదా, 63 వచ్చింది. వైర్‌షార్క్‌లో (ప్యాకెట్లని విప్పి చూపించే టూల్) చూస్తే రిప్లై మోసుకొచ్చిన సోర్స్ మ్యాక్ అడ్రస్ (పంపిన కార్డు హార్డ్‌వేర్ అడ్రస్) రౌటర్‌ది. అప్పుడు వెలిగింది. మొదటి మెషీన్ తన /24 తో చూసుకుని 200 మా వీధిలోదే అని నేరుగా ఏఆర్‌పీ (ఈ ఐపీ ఉన్న మ్యాక్ ఏది అనే ప్రశ్న) అడిగి పంపేసింది, రెండోది తన /25 తో (128 నుంచి 255 బ్లాక్) చూసుకుంటే 20 దానికి బయటివాడు, అందుకని జవాబు గేట్‌వే చేతిలో పెట్టింది, రౌటర్ దాటింది కాబట్టి ఒకటి తగ్గింది. రౌటర్ ఆపేశా, పింగ్ ఆగిపోయింది.

మాస్క్ అంటే హోస్ట్‌లు లెక్కపెట్టుకునే అంకె కాదండీ, ప్యాకెట్ పంపేముందు ప్రతి మెషీన్ "వీడు లోపలివాడా, బయటివాడా" అని తనని తాను అడుక్కునే ప్రశ్న. అవతలివాడి మాస్క్ ఎంతో దానికి తెలీదు, తన మాస్క్‌తోనే తేల్చుకుంటుంది. ఈ ముక్క ఎక్కాక డీహెచ్‌సీపీ (మెషీన్లకి అడ్రస్‌లు పంచేది), వీల్యాన్ (ఒకే స్విచ్‌లో వేర్వేరు నెట్‌వర్క్‌లు), స్టాటిక్ రూట్‌లు (చేత్తో రాసే దారులు) వాటంతటవే అర్థమవుతూ వచ్చాయి. ఐపీవీ6 (కొత్త తరం ఐపీ) లో ఏఆర్‌పీ ఉండదు, దాని బదులు నైబర్ డిస్కవరీ ఉంటుంది, కానీ అడిగే ప్రశ్న అదే.

ఈ పరీక్షకి ఎనిమిది నెలలు పట్టిందా అని కొందరు అన్నారు, డంప్స్ (లీకైన పరీక్ష ప్రశ్నలు) చూసుంటే నెలలో అయిపోయేది కదా అని కూడా. అయ్యేదేమో, కానీ రేపు ఉద్యోగంలో నెట్‌వర్క్ పడిపోయినప్పుడు డంప్ ఏం చెప్తుంది? నేను రోజూ పొద్దున్నే కాగితం మీద 20 సబ్‌నెట్ లెక్కలు చేశా, జ్వరం వచ్చిన రోజు కూడా. కాలిక్యులేటర్ అలవాటుంటే ఇవాళే మానెయ్యండి, హాల్లో అది ఉండదు. మూడ్ లేదు, రేపు చేద్దాం అంటే ఆ రేపు రాదు.

పైన చెప్పిన ల్యాబ్ మాత్రం ఒకసారి పెట్టి చూడండి. రౌటర్ ఆపే ముందు ఏం జరుగుతుందో కాగితం మీద రాసుకోండి. తర్వాత రౌటర్ మళ్ళీ ఆన్ చేసి, మొదటి మెషీన్ మాస్క్ కూడా /25 చెయ్యండి, 10.1.1.254 దాని పరిధిలోంచి (0 నుంచి 127) బయటికెళ్ళిపోతుంది, ఆ రోజు నాకు తట్టనిది మీ కళ్ళముందే ఉంటుంది.