స్నానం చేయించేదెవరు?

రిటైర్మెంట్ అనగానే నెలకి ఎంతొస్తుందో లెక్కేసుకుంటాం కానీ, మంచం దిగడానికి కూడా ఒక మనిషి సాయం కావాల్సి వస్తే ఆ మనిషికి డబ్బెలా ఇస్తామన్నది ఎవరం ఆలోచించం. నేనూ ఆలోచించలేదు, హెల్త్ ఇన్సూరెన్స్ ఉందిగా అనుకున్నా. అది వైద్యానికండీ. ఏళ్ల తరబడి స్నానం చేయించి, బట్టలు తొడిగి, తినిపించే మనిషి జీతం సాధారణంగా అందులో రాదు.

అమెరికా లాంటి చోట్ల దానికి దీర్ఘకాల సంరక్షణ పాలసీలు వేరే ఉంటాయి. చాలావాటిలో స్నానం, బట్టలు వేసుకోవడం, తినడం, టాయిలెట్ వాడటం, మంచం దిగి కుర్చీలోకి మారడం, మలమూత్రాలు ఆపుకోవడం అనే 6 పనుల్లో కనీసం 2 సొంతంగా చేసుకోలేకపోతేనో, అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు ముదిరితేనో డబ్బు మొదలవుతుంది, అదీ వెంటనే కాదు, తరచుగా 90 రోజుల వెయిటింగ్ ఉంటుంది, అప్పటిదాకా మన జేబే. ధరలతో పాటు పాలసీ ఇచ్చే డబ్బు కూడా పెరుగుతుందో లేదో తప్పకుండా అడగండి, లేకపోతే 20 ఏళ్ల తర్వాత అది ఏ మూలకీ రాదు. జబ్బు బయటపడ్డాక అడిగితే చాలావరకు ఇవ్వరు.

మనకి తెలివి తప్పితే మన తరఫున నిర్ణయాలు ఎవరు తీసుకోవాలో కూడా రాసి పెట్టుకోవాలి. ఈ మాట ఎత్తడానికే నాకు రెండేళ్లు పట్టింది. తీరా చెప్తే మా అబ్బాయి "ఇప్పుడెందుకు నాన్నా ఇవన్నీ" అంటూ ఫోన్ చూసుకున్నాడు.