ఖుక్రీ మీద ఎర్ర గీత

పదకొండు దాటింది. ఆయన లైటు తీయమని రెండుసార్లు అన్నారు. ఇది రాసేస్తే గానీ నిద్ర పట్టేలా లేదు.

మనవడు బుజ్జిగాడి నేవీ డే వ్యాసం బళ్లో దిద్ది ఇచ్చారు. ఖుక్రీ గురించి వాడు రాసిన పేరా మొత్తానికి అడ్డంగా ఎర్ర గీత. పక్కన "విజయాలు మాత్రమే రాయాలి" అని. ఎంత గట్టిగా నొక్కారో, కాగితం వెనకవైపు కూడా గీత తేలింది.

ఆ పేరా నేనే దగ్గర కూర్చుని రాయించా. ఖుక్రీ ఇంగ్లండులో కట్టిన ఫ్రిగేట్ రకం యుద్ధనౌక, 1958లో మన నేవీలో చేరింది. జలాంతర్గాముల్ని వేటాడడమే దాని పని. 1971 డిసెంబరు 9 రాత్రి పాకిస్తాన్‌తో యుద్ధంలో, డయ్యూ దగ్గర వాళ్ల జలాంతర్గామి హంగోర్ కోసం వెతుకుతూ, ఆ హంగోర్ టార్పెడోకే బలైంది. నిమిషాల్లో మునిగిపోయింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్‌జాకెట్ ఇంకొకరికి ఇచ్చేసి ఓడలోనే ఉండిపోయారు. దీన్ని కొట్టేయడానికి చేతులెలా వచ్చాయి? సాయంత్రం నుంచీ ఇదే రుసరుస. పప్పులో ఉప్పు వేయడం కూడా మర్చిపోయా.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. బ్లాకౌట్, వెలుగు బయటికి కనబడకూడదని అమ్మ మైదాపిండి ఉడికించి కిటికీలకు నల్లకాగితాలు అంటించింది. డిసెంబరు 3 అర్ధరాత్రి పెద్ద చప్పుడు, అద్దాలన్నీ గలగలలాడాయి. అది మన విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ అని తర్వాత తెలిసి వీధిలో గంతులేశాం. ఆ రోజుల్లోనే నాన్న పోర్టు నుంచి వచ్చి, కంచం ముందు కూర్చుని, "ఖుక్రీ పోయిందట" అన్నారు. ముద్ద కలిపిన చేత్తోనే లేచి వెళ్లిపోయారు. ఆ మెతుకులు అలాగే ఎండిపోయాయి.

ఇది రాస్తుంటే ఇంకోటి తోస్తోంది. ఘాజీలోనూ 93 మంది పోయారు. నేను గంతులేసింది వాళ్ల చావు మీదే. మా అమ్మాయిని ఎన్నిసార్లు బీచ్‌కి తీసుకెళ్లి ఆ యుద్ధ విజయానికి కట్టిన విక్టరీ ఎట్ సీ స్మారకం చూపించానో, ఒక్కసారైనా ఖుక్రీ ఊసెత్తానా? అదే పేరున్న రెండో ఓడ 2021లో ఇక్కడే, మన విశాఖలోనే సేవ ముగించింది. ఆ వార్త చదివి పేపరు మడిచి పక్కన పెట్టేశా. ఆ టీచరమ్మకి పాతికేళ్లుంటాయేమో, ఆమెకైనా ఎవరు చెప్పుంటారు?

అయినా ఆ గీత చూస్తే మళ్లీ కోపమొస్తోంది.

వాడికి మార్కుల బెంగ లేదు. పడుకోబోయే ముందు, "అమ్మమ్మా, 67 మంది బతికారన్నావుగా, రాత్రంతా సముద్రంలోనే ఉన్నారా?" అన్నాడు. ఉన్నార్రా, మర్నాడు కచ్చల్ అనే ఓడ వచ్చి ఎక్కించుకుంది అన్నాను. లేచి వెళ్లి, కొత్త కాగితం తీసి అదీ రాసుకున్నాడు.