మా గదిలో రీఛార్జ్ చీటీ

జనవరి 5న రీఛార్జ్ చేసుకున్నాను కాబట్టి ఫిబ్రవరి 5 దాకా ఢోకా లేదనుకున్నాను. 2025 ఫిబ్రవరి 2, ఆదివారం. పాలకొండ నుంచి విశాఖ వస్తున్న మా బస్సు రణస్థలం దాటాక టైరు పంక్చరై రోడ్డు పక్కన ఆగిపోయింది. అప్పటికి రాత్రి ఏడున్నర. హాస్టల్ గేటు తొమ్మిదిన్నరకి వేసేస్తారు. లేటవుతుందని ముందే ఫోన్ చేసి చెబితే వార్డెన్ మేడమ్ ఏమీ అనరు. కానీ కాల్ వెళ్తేగా! మీ ప్లాన్ గడువు ముగిసింది అనే మాట వినిపించి కట్ అయిపోతోంది. డేటా కూడా లేదు కాబట్టి రీఛార్జ్ చేసుకోవడానికీ లేదు.

పొద్దుటి నుంచి ఎందుకు తెలియలేదంటే, ఇంటికి వెళ్తే నేను డేటా ఆపేసి ఫోన్ బ్యాగులో పడేస్తాను. అమ్మానాన్నలతో ఉండేదే రెండు రోజులు. గడువు అయిపోతోందని మెసేజ్‌లు ముందే వచ్చాయి, లోన్ల ప్రకటనల మధ్యలో కలిసిపోయి కనపడలేదు. తర్వాత వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. జనవరి 5 నుంచి 28 రోజులంటే ఫిబ్రవరి 1తో సరి.

పక్క సీట్లో ఆవిడ నా కంగారు చూసి, "నా హాట్‌స్పాట్ ఆన్ చేస్తాను, కలుపుకో అమ్మా" అన్నారు. యాప్ తెరవగానే పైన కనిపించిన 349 ప్లాన్ చేసేశాను. నేను మామూలుగా వేసేది 299ది. ఆ చీకట్లో, ఆ టెన్షన్‌లో కిందికి జరిపి చూసే ఓపిక లేకపోయింది. మేడమ్‌కి చెప్పాను, నాన్నకి చెప్పాను, పదిన్నరకి మద్దిలపాలెంలో దిగాను.

యాభై రూపాయలు ఎక్కువ పోతే ఇంత రాయాలా అని ఎవరైనా అనుకోవచ్చు. మా నాన్న రైస్ మిల్లులో పనిచేస్తారు. మెస్ బిల్లు కాకుండా నాకు నెలకి 2,000 పంపిస్తారు. అందులోనే జిరాక్సులు, రికార్డులు, బస్సు ఛార్జీలు, సబ్బులు, ఫోన్. ఆ రాత్రి నిద్ర పట్టక నోట్‌బుక్ వెనక పేజీలో లెక్కలు వేశాను. 2024 జూలైలో రేట్లు పెంచక ముందు నా ప్లాన్ 239 ఉండేది, తర్వాత 299 అయింది. నెలకి ఒకసారే కదా అనుకుంటూ వచ్చాను. నిజానికి 28 రోజుల ప్లాన్ అయితే ఏడాదికి 13 సార్లు చెయ్యాలి. 13 సార్లకి 3,887 రూపాయలు. పన్నెండు నెలల లెక్కలో కనిపించని ఆ పదమూడో రీఛార్జే నన్ను రణస్థలం దగ్గర ఇరికించింది.

రోజు లెక్కన చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. రోజుకి 1.5 జీబీ ఇచ్చే 28 రోజుల 299 ప్లాన్ అంటే రోజుకి 10 రూపాయల 68 పైసలు. అదే 1.5 జీబీ 84 రోజులకి 799, అంటే రోజుకి 9 రూపాయల 51 పైసలు. 84 రోజులకి మూడు 299లు 897 అవుతాయి. అంటే తేడా 98 రూపాయలు. అందరికీ తెలిసిన లెక్కే ఇది. కానీ ఒకేసారి 799 ఎక్కడిది? రెండు వేలలో ఎనిమిది వందలు ఫోన్‌కి పోతే ఆ నెల ఏం చేసి బతకాలి? డబ్బు ఒకేసారి పెట్టలేని వాళ్ళకే ఎక్కువ పడటం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

నాకసలు ఎంత డేటా కావాలో కూడా ఆ నెలే మొదటిసారి చూశాను. సెట్టింగ్స్‌లో డేటా యూసేజ్ అని ఉంటుంది. అందులో సైకిల్ మొదలయ్యే తేదీ మార్చుకుంటే ఏ యాప్ ఎంత తిన్నదో లెక్క వచ్చేస్తుంది. ఆ 349 ప్లాన్‌లో నాకిచ్చింది రోజుకి 2 జీబీ చొప్పున 56 జీబీ. మార్చి 1 నాటికి నేను వాడింది 13 జీబీ చిల్లర. డిపార్ట్‌మెంట్‌లో వైఫై ఉంది, హాస్టల్లో సాయంత్రం నుంచి వైఫై ఉంటుంది. నా సొంత డేటా ఖర్చయ్యేది బస్సులో, కరెంటు పోయినప్పుడు, అంతే. మిగిలింది ఏ రోజుకారోజు అర్ధరాత్రి పోతుంది, మర్నాటికి కలవదు. 2 జీబీ ప్లాన్‌లో అన్‌లిమిటెడ్ 5జీ అని కూడా రాసి ఉంటుంది. నా ఫోన్ 4జీ కాబట్టి దానికి డబ్బు కట్టడం దండగ.

మా గదిలో ముగ్గురం. గ్రూప్స్‌కి చదువుతున్న అక్క సంగతి వేరు. రోజుకి మూడు నాలుగు గంటలు క్లాసులు వింటుంది, రెండు జీబీ కూడా కొన్నిసార్లు చాలదు. ఆమెకి నా ప్లాన్ చెబితే తప్పు చెప్పినట్టే. జూనియర్ ఇంకా ఫస్టియర్, వాడకం నాలాగే.

చీటీ ఆలోచన అక్కదే. వాళ్ళమ్మ ఊళ్ళో చీటీలు వేస్తుంది. "పాట లేని చీటీ వేసుకుందామే" అంది. 28 రోజులకోసారి తలా 267 తీస్తాం. మొత్తం 801 అవుతుంది. ఆ విడతలో ఎవరి గడువు అయిపోతే వాళ్ళకి 799 ప్లాన్. మూడు విడతలకి ముగ్గురికీ 84 రోజులు వచ్చేస్తాయి. అక్క మాత్రం రోజుకి 2 జీబీ ఉన్న 859 ప్లాన్ తీసుకుంటుంది, పైన పడే డబ్బు తనే వేసుకుంటుంది.

అందరి గడువులూ ఒకేసారి అయిపోయి ఉంటే ఇది మొదలయ్యేది కాదు. నాది మార్చి 1కి అయిపోయింది. జూనియర్‌ది ఇంకో మూడు వారాలుంది, అక్కకి వాళ్ళ అన్నయ్య చేయించిన మూడు నెలల ప్లాన్ రెండు నెలలు మిగిలి ఉంది. నాకు ముందు, జూనియర్‌కి తర్వాత, అక్కకి చివర అనుకున్నాం. జూనియర్‌కి మధ్యలో వారం రోజుల లోటు పడుతుందని అక్క తన వంతు డబ్బు ముందే ఇచ్చి సర్దింది. ఇస్త్రీ బట్టలు పెట్టుకునే షెల్ఫ్‌లో ఒక బోర్న్‌విటా డబ్బా ఉంది, డబ్బులన్నీ అందులోనే. మూత లోపల కాగితం అతికించి ముగ్గురి గడువు తేదీలూ రాశాం. రీఛార్జ్ ఎప్పుడూ సిమ్ కంపెనీ వాళ్ళ యాప్‌లోనే చేస్తాం. వేరే పేమెంట్ యాప్‌ల్లో కొన్నిసార్లు రూపాయో రెండో అదనంగా పడుతోంది.

మధ్యలో నంబర్ పోర్ట్ చేసేద్దామని, అంటే అదే నంబర్‌తో వేరే కంపెనీకి మారిపోదామని కూడా అనుకున్నాను. రేట్లు పెరిగినప్పుడు మా క్లాసులో బీఎస్ఎన్ఎల్‌కి వెళ్దామన్న వాళ్ళు చాలామంది. పని సులువే. PORT అనే ఇంగ్లీషు మాట, పక్కన మన నంబర్ రాసి 1900కి మెసేజ్ పెడితే కోడ్ వస్తుంది, నాలుగు రోజుల్లోగా వాడుకోవాలి. ఒక నెట్‌వర్క్‌లో 90 రోజులు ఉంటేనే కోడ్ ఇస్తారు. నేను మాత్రం ముందు ఆ సిమ్ ఉన్న స్నేహితురాలిని గదికి పిలిచాను. కిటికీ దగ్గర, మంచం మీద, మెట్ల కింద నిలబడి కాల్ చేసి చూశాం. మా గది మూలన ఉంది, మంచం దగ్గర గొంతు తెగిపోయింది. వద్దనుకున్నాను. కింది అంతస్తులో ఉండే ఆ అమ్మాయికి అదే సిమ్ హాయిగా పనిచేస్తోంది.

ఈ లెక్కలన్నీ అయ్యాక నాన్న ఫోన్ గుర్తొచ్చింది. ఆయనది బటన్ల ఫోన్, ఎయిర్‌టెల్ సిమ్. ఊళ్ళో షాపతను ప్రతి 28 రోజులకీ 199 వేసేవాడు. అందులో 2 జీబీ డేటా ఉండేది. ఒక్క రోజు కూడా ఇంటర్నెట్ తెరవని మనిషికి ఇన్నేళ్ళూ డేటాతో కలిపే రీఛార్జ్ అవుతోంది. డేటా లేకుండా కాల్స్, ఎస్ఎమ్ఎస్‌లకి మాత్రమే విడిగా ప్లాన్లు ఉండాలని 2024 డిసెంబర్‌లో ఫోన్ కంపెనీల మీద ఉండే నియంత్రణ సంస్థ ట్రాయ్ రూల్ పెట్టింది. ఆ తర్వాత జనవరిలో ఎయిర్‌టెల్‌లో 84 రోజులకి 469 ప్లాన్ వచ్చింది. మూడు 199లు 597. దానితో పోలిస్తే 128 రూపాయలు తక్కువ.

మార్చి 9 ఆదివారం ఇంటికి వెళ్ళి నా ఫోన్‌లోంచే చేశాను. నాన్న పక్కనే కూర్చుని చూశారు.

"ఇంటర్నెట్ తీసేత్తే నీ ఫోన్ నాకొత్తాదా అమ్మా?"

"వస్తుంది నాన్నా. ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు."

ఆయనకి నమ్మకం కుదరలేదు. నన్ను వీధిలోకి పంపి, అక్కడి నుంచి చేయమన్నారు. చేశాను. అరుగు మీద నాన్న కనిపిస్తూనే ఉన్నారు. ఫోన్ చెవికి ఆనించుకుని, "ఆఁ, ఇనబడతంది, బాగా ఇనబడతంది" అన్నారు. తర్వాత లోపలికి వెళ్ళి గోడ మీది క్యాలెండర్ పేజీలు తిప్పి, మే 31 చుట్టూ పెన్నుతో రెండుసార్లు సున్నా చుట్టారు.