అయిదు మలుపులు

మొన్న వైద్య పరీక్ష కూడా అయిపోయింది. ఇక పోలీసు విచారణ ముగిస్తే కేంద్ర జీఎస్టీ ఇన్‌స్పెక్టర్‌గా నియామక పత్రం చేతికొస్తుంది. మోకాలి మీద పుండు ఇంకా మానలేదు. అది మానేలోపే రాసేస్తున్నాను.

ఈ ఉద్యోగం మీద పట్టుదల మా వీధి తాపీ మేస్త్రీ వల్ల వచ్చింది. అప్పు ఇప్పిస్తామని ఎవరో ఆయన ఆధార్, పాన్ కార్డు, కరెంటు బిల్లు పట్టుకుపోయారు. కొన్నాళ్ళకు ఆయన పేరున ఉన్న ఇనుము వ్యాపారం పన్ను ఎగ్గొట్టిందని నోటీసు వచ్చింది. సరుకు కదలదు, బిల్లులే చేతులు మారతాయి. వాటిని చూపించి, కట్టని పన్నును కట్టినట్టు జమ వేసుకుంటారు. "జైల్లో పెడతారా అమ్మాయీ?" అని ఆయన అడిగితే చట్టం తిరగేశాను. 132వ సెక్షన్: దొంగ జమ 5 కోట్లు దాటితే అయిదేళ్ళ దాకా. ఆయనకు ఆ ముక్క చెప్పలేదు.

పరీక్షల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. డిగ్రీ చదివినవాళ్ళకు కేంద్ర ఉద్యోగాల కోసం పెట్టే కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్ పరీక్ష మొదటి అంచెలో గంటకు 100 ప్రశ్నలు, తప్పుకు అర మార్కు కోత. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ హిందీలోనూ ఉంటుంది, మన భాషలో ఉండదు. రెండో అంచెలో లెక్కలు నాకు మంచినీళ్ళ ప్రాయం. గొప్పలు కాదు, మార్కులు చూపిస్తాను. టైపింగు 15 నిమిషాల్లో 2000 కీలు. నెట్ సెంటర్లో పనిచేసిన ఏడాది అక్కరకొచ్చింది.

ఓబీసీ వాళ్ళకు ఒక్క మాట. రాష్ట్రంలో చెల్లే బీసీ పత్రం అక్కడ చెల్లదు. క్రీమీ లేయర్ కాదని కేంద్రం నమూనాలో వేరే పత్రం తెచ్చుకోవాలి. ఆ నమూనా కాగితాన్ని మండల కార్యాలయం గుమాస్తాకు నేనే పట్టుకెళ్ళి చూపించాను. చూసి, తల ఊపి, పాత నమూనాలోనే అచ్చు వేసిచ్చాడు. అలా మూడుసార్లు.

అసలు కథ సైకిలుది. ఈ ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్ష కూడా ఉంది. ఆడవాళ్ళు 20 నిమిషాల్లో కిలోమీటరు నడవాలి, 25 నిమిషాల్లో 3 కిలోమీటర్లు సైకిలు తొక్కాలి. బరువు 48 కిలోలు ఉండాలి. నడక మా అమ్మమ్మ కూడా నడుస్తుంది. బరువు సంగతి అరటిపళ్ళు చూసుకున్నాయి. సైకిలు మాత్రం నాకు రాదు. "దేహదారుఢ్య పరీక్ష నామమాత్రమమ్మా" అని శిక్షణ కేంద్రం సారు రెండేళ్ళు చెబుతూ వచ్చారు. ఆయనకు కట్టిన ఫీజు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇంట్లో ఒకప్పుడు సైకిలు ఉండేది, అన్నయ్యది. ఏడో తరగతిలో ఒకసారి ఎక్కితే నాన్నమ్మ చెయ్యి పట్టి దింపేసింది. "కాలు విరిగితే ఎవడు చేసుకుంటాడే నిన్ను?" నాన్న అక్కడే పేపరు చదువుకుంటున్నారు.

ఇరవై ఏడేళ్ళ వయసులో నాకు గురువు పక్కింటి అయిదో తరగతి పిల్లవాడు. రోజుకొక ఐసు పుల్ల ఫీజు. తెల్లవారుజామున బడి మైదానంలో నేర్చుకుంటుంటే నడకకు వచ్చిన పెద్దమనుషులంతా నిలబడి సలహాలిచ్చేవారు. పాలవాడి ముందు పడ్డాను, బడి గేటుకు గుద్దుకున్నాను. నాలుగో రోజు నాన్న వచ్చి వెనక క్యారియర్ పట్టుకున్నారు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు.

తిన్నగా తొక్కడం వచ్చింది. మలుపు తిప్పడం రాలేదు. ఈలోపు తేదీ వచ్చేసింది.

అక్కడ అర కిలోమీటరు రోడ్డు. అటూ ఇటూ ఆరుసార్లు, అంటే అయిదు మలుపులు. ఇచ్చిన సైకిలు సీటు నా నడుము దాకా ఉంది, కిందికి దిగదు. మొదటి మలుపు దగ్గర తిప్పబోయి బొక్కబోర్లా పడ్డాను. నడక ముగించి గట్టు మీద కూర్చున్న మగపిల్లలు ఒకటే నవ్వు. స్టాప్‌వాచ్ పట్టుకున్న అధికారి, "ఇంటికి వెళ్ళిపోతావా అమ్మా?" అన్నాడు. జాలిగానే అన్నాడు, అదే ఇంకా గుచ్చుకుంది. లేచి, సైకిలును చేత్తో ఎత్తి తిప్పి పెట్టుకుని మళ్ళీ ఎక్కాను. మిగతా నాలుగు మలుపుల్లోనూ అంతే: దిగడం, తిప్పడం, ఎక్కడం. దొంగ బిల్లు కంప్యూటర్లో పుట్టి కంప్యూటర్లోనే మాయమవుతుంది కదా, దాని వెంట సైకిలేసుకుని ఏ ఊరు వెళ్ళాలో అని తిట్టుకుంటూనే తొక్కాను. 23 నిమిషాల 10 సెకన్లు. చివరికొచ్చేసరికి గట్టు మీద నవ్వు ఆగిపోయింది. నేను గెలిచినందుకు కాదు, వాళ్ళ వంతు వచ్చినందుకు.

మేస్త్రీకి చెబితే పగలబడి నవ్వాడు. ఆయన నోటీసు మీద విచారణ ఇంకా సాగుతూనే ఉంది. వచ్చే వారం వాయిదాకు రమ్మన్నారట, కాగితాలు పట్టుకుని నేనూ వెళుతున్నాను. బస్సులో.