గోంగూర కడుగుతుంటే

ఆదివారం. రాత్రంతా వాన. పొద్దున్నే కాఫీ తాగి పెరట్లోకి వెళ్తే గోంగూర మడిలో అరచేయంత నత్త. ఆఫ్రికా నత్త. హవాయిలోని కనేఓహేలో ఇల్లు తీసుకున్నప్పటి నుంచి వాన పడిన మర్నాడల్లా నాకిదే పని. గ్లవ్స్ వేసుకుని ఒక్కొక్కదాన్నీ ఏరి బకెట్లో వెయ్యాలి. నాలుగు దొరికాయి.

మావాడు పక్కనే కూర్చుని చూస్తున్నాడు. "అమ్మా, జార్జ్ కూడా ఇంత ఉండేదా?" అన్నాడు. స్కూల్లో చెప్పారట.

"లేదురా, నీ బొటనవేలంత కూడా లేదు" అన్నాను. ఆ తర్వాత రోజంతా జార్జ్ నా మనసులోంచి పోలేదు.

జార్జ్ ఈ ఓహూ దీవి చెట్టు నత్త. అకాటినెల్లా అపెక్స్‌ఫుల్వా అనే జాతిలో ఆఖరిది. 1997లో ఆ జాతిలో మిగిలిన పది నత్తల్ని అడవిలోంచి తెచ్చి యూనివర్సిటీ ల్యాబ్‌లో పెంచారు. జార్జ్ అక్కడే పుట్టింది. మిగతావన్నీ పోయాక ఏళ్ల తరబడి ఒక్కతే బతికి, 2019 జనవరి 1న పోయింది. అప్పటికి దానికి 14 ఏళ్లు. 1780ల్లో ఒక ఓడ కెప్టెన్‌కి ఇక్కడివాళ్లు వేసిన దండలోని గుల్లతోనే ఈ జాతి సంగతి బయటి ప్రపంచానికి మొదట తెలిసింది. అంటే ఒకప్పుడు దండలు గుచ్చుకునేటన్ని ఉండేవన్నమాట.

ఈ చెట్టు నత్తలు ఆకును కొరకవు. ఆకు మీద పట్టిన బూజును నాకి తింటాయి, అంతే. ఆకు శుభ్రమవుతుంది, చెట్టుకు నష్టం లేదు. గుడ్లు పెట్టవు, గుల్లతో సహా పిల్లను కంటాయి. అదీ ఏడాదికి ఏ కొన్నో. ఆ పిల్ల పెద్దదవడానికే ఏళ్లు పడుతుంది. అలాంటి ప్రాణి మీదకి ఎలుకలొచ్చాయి, గుల్లల కోసం సంచులు నింపుకున్న మనుషులొచ్చారు. అన్నిటికన్నా నా కడుపు మండేది మాత్రం 1955లో జరిగిన పని. 1936లో వచ్చిన ఈ ఆఫ్రికా నత్త పంటలు తినేస్తోందని, దాన్ని తినడానికి ఫ్లోరిడా నుంచి ఇంకో నత్తను తెచ్చి వదిలారు. రోజీ వుల్ఫ్ స్నెయిల్ అంటారు. నత్త పాకిన జిగురు జాడ పట్టుకుని వెంటపడి తింటుంది. అది కొండెక్కి చెట్టు నత్తల్ని తినేసింది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టయింది. ఆఫ్రికా నత్త మాత్రం ఇదిగో, ఇవాళ కూడా నా గోంగూరలోనే ఉంది.

మధ్యాహ్నం గోంగూర కడగడానికి గంట పట్టింది. ఇక్కడ నత్తల్లో ఎలుకల నుంచి వచ్చే ఒక పురుగు ఉంటుంది, అది కడుపులోకి పోతే మెదడుకే ప్రమాదం. అందుకే ఒక్కో ఆకూ పంపు కింద పట్టి, తిప్పి, ఈనెల వెంబడి వేలితో రాస్తాను. ఒక ఆకు అడుగున నువ్వుగింజంత నత్తపిల్ల అంటుకుని ఉంది. లోపలికి ముడుచుకుని, కాసేపటికి రెండు కొమ్ములూ మెల్లగా బయటికి చాచింది. ఏ జాతో నాకు తెలియదు. చంపబుద్ధి కాలేదు. ఉంచుకునే ధైర్యమూ లేదు. చివరికి టిష్యూలో చుట్టి చెత్తలో వేసేశాను. ఆ పని ఇంకా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

కిటికీలోంచి కోఓలావు కొండలు కనిపిస్తాయి. ఇవాళ సగం పైన అంతా మబ్బే. అక్కడ అడవిలో ఎలుకలూ వేటనత్తలూ దూరకుండా కంచెలు కట్టి, మిగిలిన కాహులి నత్తల్ని కాపాడుతున్నారు. కాహులి అంటే చెట్టు నత్తకి ఇక్కడి పేరు. రాత్రిపూట అడవిలో అవి పాడతాయని హవాయి వాళ్ల పాత నమ్మకం.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేశాను. అక్కడ సోమవారం పొద్దున్న. నత్తల గురించి నాకింత బెంగేమిటో మొదట ఆవిడకి అర్థం కాలేదు. "మా చిన్నప్పుడు నత్తగుల్లలు కాల్చి సున్నం చేసేవాళ్లే" అంది. జార్జ్ సంగతంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు.

"అన్నేళ్లు ఒక్కతే ఉందా? దాన్ని చూడ్డానికి ఎవరైనా వచ్చేవాళ్లా?"

"స్కూలు పిల్లలు వచ్చేవారటమ్మా."

"పోన్లే" అంది అమ్మ.