బీడు అనేశాను

పదకొండు దాటింది, పడుకుందామంటే ఒక్క మాట వదలట్లేదు. పొద్దున స్ప్రింగ్‌బ్రుక్ ప్రెయిరీకి, అంటే పెద్ద గడ్డిమైదానానికి వెళ్ళాం, అమెరికాలో మా నేపర్‌విల్‌లోదే. "ప్రెయిరీని తెలుగులో ఏమంటారమ్మా" అని చిన్నోడు అడిగితే, కారు తలుపు వేస్తూ "బీడు" అనేశాను. వాడు వెంటనే తెలుగు క్లాసు నోట్‌బుక్‌లో రాసేసుకున్నాడు.

ఒకప్పుడు మొక్కజొన్న, సోయా వేసిన పొలాలవి. 1,800 ఎకరాల పైన మళ్ళీ గడ్డి పెంచి, మడుగులు నిలబెట్టి, ఆ గడ్డి బతకడానికి అప్పుడప్పుడూ వాళ్ళే నిప్పు పెడుతూ కాపాడుతున్నారు. దాన్ని బీడంటానా?

మా ఆయన సంగతి చెప్పాలి. ఇప్పుడు ప్రాణమంతా కూత వింటే పక్షి పేరు చెప్పే యాప్ మీదే. ఫోన్‌ని హారతి పళ్ళెంలా పట్టుకుని నడుస్తారు, తలెత్తితే ఒట్టు. "ఇరవై మూడు వచ్చాయి" అంటారు. వచ్చాయేంటి, చూసినవి ఎన్ని? బాబొలింక్ కనబడితే చూపిద్దామని చెయ్యి పట్టి లాగాను. "ఉండు, నీ గొంతు రికార్డవుతోంది" అన్నారు! మొహం, పొట్ట నలుపు, వీపు మీద తెలుపు, మెడ వెనక వెన్నముద్ద అంటించినట్టుండే పిట్ట, పాత రేడియోలో స్టేషన్ కోసం ముల్లు తిప్పినట్టు పాడుతుంది, దక్షిణ అమెరికా నుంచి ఎగిరొచ్చి ఇక్కడ గూడు కట్టుకుంటుంది. ఆయన తలెత్తేసరికి గడ్డిలో దిగిపోయింది. జమ్ము పక్కన రెడ్-వింగ్డ్ బ్లాక్‌బర్డ్ ఒకటి, దగ్గర్లో గూడుందేమో, ఆయన నెత్తిన ఒక్కటిచ్చి పోయింది. అదేంటో కూడా ఫోన్లోనే చూసుకున్నారు. నాకు భలే సంతోషమేసింది.

నిజం చెప్పొద్దూ, హెన్స్‌లోస్ స్పారో అనే గడ్డి పిచ్చుకని ఆ యాపే పట్టించింది. తుమ్ము ఆపుకున్నట్టు చిన్న చప్పుడు. ఇన్నేళ్ళూ ఏదో పురుగనుకుని దాటేశాను. సరే, ఆ ఒక్కదానికీ క్షమించాను. గొంతు సంగతికి కాదు.

నా బుర్రలో బీడంటే మా కర్నూలు వైపు రోళ్ళపాడే. ఎనిమిదేళ్ళప్పుడు నాయన సైకిల్ మీద నందికొట్కూరు నుంచి వస్తూ సడన్‌గా ఆపి, నా నోటి మీద చెయ్యి పెట్టాడు. గడ్డిలో బట్టమేక పిట్ట, అదే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్. నాయన నడుమెత్తు ఉంటుంది, మెడ నిక్కించి, పెళ్ళిలో మర్యాదలు తగ్గిన వియ్యంకుడిలా నడుస్తోంది. నేనేమో తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుంటున్నా. అందుకే నా జ్ఞాపకంలో సగం పిట్ట, సగం చెప్పు. ఇప్పుడక్కడ బట్టమేక కనబడటం లేదని ఎన్నేళ్ళుగానో వింటున్నాను. ఫోన్‌ని చూస్తున్నారని ఈయన్నంటున్నాను గానీ, నేను చూసింది మాత్రం ఏంటి?

ఇందాక నాయనకి ఫోన్ చేశాను, అక్కడ తెల్లారే ఉంటుందిగా. "గడ్డి ఉండి దున్నకపోతే బీడే గదమ్మా, తప్పేముంది? గొర్రెలు బతికేది యాడ?" అన్నాడు. వెంటనే, "ఆడ జింకలు ఉండాయా? ఉంటే పక్క చేన్లోల్ల పని అయిపోయినట్టే" అని మొదలుపెట్టాడు. రోళ్ళపాడు కృష్ణజింకలు మా కందిచేను మేసిన కోపం ఇంకా దిగలేదు. ఇరవై నిమిషాలు జింకలే.

మాట కొట్టేద్దామనే చిన్నోడి నోట్‌బుక్ తీశాను. "బిడు" అని రాసుకున్నాడు. గుడి మీద దీర్ఘం పెట్టి, మూసి వచ్చాను.